చెప్పు జారింది... కాలికి తెలీలేదు!

షుగరంటే తీపి మానెయ్యడం, వేళకి మాత్ర వేసుకోవడం... చాలామందికి తెలిసింది ఇంతే. కాలి వేలి చివర మొదలుపెట్టి మెదడు దాకా నరాలను అది ఎలా పట్టి పీడిస్తుందో తెలిసినవాళ్లు తక్కువ. నొప్పి పెడితే అందరం కంగారుపడతాం. ఈ జబ్బులో నొప్పి పెట్టకపోతేనే కంగారుపడాలి!

‘ఏమండీ, రెండో చెప్పేదీ?’

బజారు నుంచి వచ్చిన పెద్దాయన గుమ్మంలో కాలు పెట్టగానే ఇంటావిడ అడుగుతుంది. ఆయన కిందికి చూసుకుంటాడు. కుడికాలికి చెప్పుంది, ఎడమకాలికి లేదు. నరేంద్ర సెంటర్లో జారిందో, రైతుబజారు దగ్గరే వదిలేశాడో గుర్తులేదు. ఒంటిచెప్పుతో ఇంటిదాకా నడిచొచ్చిన సంగతే తెలీదు. ‘ఏదో ధ్యాసలో ఉన్నానే’ అని నవ్వేస్తాడు. ఇంట్లోవాళ్లూ నవ్వేస్తారు. ‘తాతయ్యకి చాదస్తం ముదిరింది’ అని మనవరాలు ఆటపట్టిస్తుంది.

పదేళ్ల నుంచీ షుగరున్న మనిషి ఇంట్లో ఇది కొత్త దృశ్యమేమీ కాదు. ఆ ముచ్చట వింటే డాక్టర్లు మాత్రం నవ్వరు. ‘ఏదీ, మీ పాదాలు చూపించండి’ అంటారు. చెప్పు జారితే కాలికి తెలియాలి. తెలియలేదంటే పరధ్యానమని సరిపెట్టుకోవడానికి లేదు. పాదం నుంచి మెదడుకు వెళ్లాల్సిన కబురు దారిలోనే ఆగిపోతోందన్నమాట.

తీపి ఊరు... చేదు లెక్క

తణుకు పేరు చెప్పగానే చక్కెర గుర్తుకొస్తుంది. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ ఆంధ్ర షుగర్స్‌ను మొదలుపెట్టింది ఇక్కడే. చెరకు, వరి, కొబ్బరి... చుట్టూ పచ్చదనం. ఇక్కడివాళ్ల భోజనమూ మర్యాదా తెలియనిదెవరికి? ‘ఇంకొంచెం వేసుకోండి’ అనకుండా విస్తరి లేవనివ్వరు. పెళ్లిళ్లలో పూతరేకులు, కాజాలు సరేసరి. అలాగని షుగరు జబ్బుకు ఊరి చక్కెరను తిట్టిపోస్తే న్యాయం కాదు. మూడుపూటలా తెల్లన్నం, తగ్గిపోయిన ఒళ్లొంపులు, పెరిగిన నడుము చుట్టుకొలత, వంశంలో వచ్చే గుణం... ఇన్ని కలిస్తేనే ఆ జబ్బు.

ఒకప్పుడు దీన్ని పట్నాల రోగమనేవారు. ఆ మాట తప్పని తేల్చిన లెక్కల్లో ఒకటి ఈ గోదావరి పల్లెల నుంచే వచ్చింది. ఉభయగోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షించిన అధ్యయనమది. బైర్రాజు ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తదితర సంస్థలు కలిసి చేశాయి. 2006లో ‘డయాబెటిస్ కేర్’ పత్రికలో ఫలితాలొచ్చాయి. నూటికి 13 మందికి పైగా షుగరుంది. మరో 15 మంది దాని గుమ్మంలో ఉన్నారు. అంటే దాదాపు ఇరవై ఏళ్ల కిందటే... అదీ పల్లెల్లో! ఇక దేశం మొత్తానికి 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పిన అంకె 10 కోట్ల పైచిలుకు.

షుగరున్నవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు నరాలు దెబ్బతింటాయని వైద్యుల అంచనా. వాళ్లలోనూ సగం మంది దాకా ఏ బాధా తెలియనివాళ్లే!

శివారు భూములకే ముందు దెబ్బ

నరాల జబ్బు పాదాల్లోనే ఎందుకు మొదలవుతుంది? డెల్టా రైతుకైతే ఇది ఇట్టే అర్థమవుతుంది. కాలవలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది ఎవరి చేను? తల దగ్గరున్నవాడిది కాదు, శివారు రైతుది. ఒంట్లోనూ అంతే. నడుము దగ్గర వెన్నుపాము నుంచి బయల్దేరి కాలి బొటనవేలి దాకా వెళ్లే నరం దాదాపు మీటరు పొడవుంటుంది. అంత పొడుగు తీగకు చిట్టచివరిదాకా తిండీ ప్రాణవాయువూ అందాలి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, నరానికి రక్తాన్నందించే వెంట్రుకల్లాంటి నాళాలు దెబ్బతింటాయి. నరం లోపల చేరిన చక్కెర వేరే పదార్థాలుగా మారి దాన్ని లోపల్నుంచీ పాడుచేస్తుంది. కొలెస్ట్రాల్, బీపీ, పొగ తాగడం దీనికి తోడు. పొడుగైన నరాల కొసలే ముందు వాడిపోతాయి. అందుకే బొటనవేళ్లతో మొదలై పాదం, మడమ, పిక్క... మేజోళ్లు తొడిగినట్టు పైకి పాకుతుంది. మోకాళ్ల దాకా వచ్చేసరికి చేతి వేళ్ల వంతు వస్తుంది.

మొదట్లో కొందరికి చీమలు పాకినట్టుంటుంది. సూదులు గుచ్చినట్టు, కారం రాసినట్టు మంట. రాత్రి పక్కమీదికి చేరాక మరీనూ. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. సిమెంటు గచ్చుమీద అరికాళ్లు ఆనించి పడుకునేవాళ్లున్నారు. కొందరికి దూదిమీద నడిచినట్టుంటుంది. మన పూర్వులూ దీన్ని గమనించారు. ప్రమేహం రాబోతోందని చెప్పే గుర్తుల్లో అరచేతులు, అరికాళ్ల మంటను సుశ్రుత సంహిత చెప్పింది. ఐరోపా వైద్యులు మాత్రం చాలాకాలం సంగతిని తిరగేసి చదివారు. నరాల జబ్బువల్లే షుగరొస్తుందనుకున్నారు. కాదు, షుగరే నరాలను దెబ్బతీస్తోందని 1864లో ఫ్రెంచి వైద్యుడు మార్షల్ ద కాల్వీ గట్టిగా చెప్పాకే ఆలోచన మారడం మొదలైంది.

అసలు మోసం ఇక్కడుంది. మంటలు కొన్నాళ్లకు తగ్గిపోవచ్చు. ‘ఫలానా చోట సూదిమందు వేయించుకున్నాను, నరాలకు బలమొచ్చింది’ అని సంబరపడిపోతారు. నిజంగా తగ్గి ఉండొచ్చు కూడా. కానీ చాలాసార్లు మండటానికి అక్కడ నరమే మిగల్లేదని అర్థం! స్పర్శ పోయిందా, ఉందా అని చూడకుండా మంట తగ్గిందని ఆనందపడటం తగలబడే ఇంట్లో గంట కొట్టేవాణ్ని పంపేసి హాయిగా నిద్రపోవడం లాంటిది.

నొప్పి ఉంటేనే పాదం ఉంటుంది

తమిళనాడులోని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1946 నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులు, కాళ్లు చూసి ఒక సంగతి పట్టుకున్నాడు. రోగం వేళ్లను తినెయ్యదు. నొప్పి తెలియక రోగే వాటిని రోజూ గాయపరుచుకుంటాడు. వేడి గిన్నె పట్టుకుంటాడు, ముల్లు దిగినా నడుస్తాడు, పుండు మీదే బరువు మోపుతాడు. ‘నొప్పి శత్రువు కాదు, కావలివాడు’ అన్నదే ఆయన జీవితమంతా చెప్పిన మాటకు సారం. కుష్ఠురోగుల కోసం వాడిన మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులే తరవాత షుగరు రోగుల పాదాలకూ అక్కరకొచ్చాయి. ఎమ్‌సీఆర్ చెప్పులని చెప్పుల దుకాణాల్లో ఇప్పుడూ అడిగి తీసుకుంటారు.

కావలివాడు లేని పాదానికి గోదావరి జిల్లాల్లో పరీక్షలెక్కువ. వట్టికాళ్లతో చేలో దిగాలి. రొయ్యల చెరువు గట్టు మీద తిరగాలి. గుడికెళితే చెప్పులు బయటే. మిట్టమధ్యాహ్నం కాలిన బండల మీద ప్రదక్షిణలు చేస్తే మామూలు మనిషి గెంతులేస్తాడు. స్పర్శ లేనివాడు నిదానంగా పదకొండూ పూర్తిచేసి వస్తాడు. సాయంత్రానికి అరికాలి నిండా బొబ్బలు. కార్తీకం వస్తే అయ్యప్ప మాలలు. నలభై ఒక్క రోజులు చెప్పుల్లేకుండా నడక. ద్వారకా తిరుమలకు కాలినడక మొక్కులు సరేసరి. భక్తికి అడ్డుపడమని ఏ డాక్టరూ చెప్పడు. మాల వేసుకునే ముందు పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూపించుకోమంటాడు. లేదని తేలితే ఆ మాట గురుస్వామికీ చెప్పమంటాడు. అంతే.

ఇంట్లోనూ ప్రమాదాలున్నాయి. తిమ్మిర్లు తగ్గాలని బకెట్టు వేడినీళ్లలో ఉప్పేసి కాళ్లు పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. నీళ్లెంత కాగాయో తెలియాల్సిన చర్మానికే తెలియదు! కాళ్లు కాల్చుకుని ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఇలా వచ్చినవాళ్లే. ఆనెలను బ్లేడుతో కోసుకోవడం, ఆనెకాయ పట్టీలు అంటించుకోవడం కూడా అంతే. చిన్న పుండు... నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. రక్తప్రసారం తక్కువ కాబట్టి మానదు. చక్కెర ఎక్కువ కాబట్టి చీము పడుతుంది. వేలు తీసెయ్యాలంటారు. తరవాత పాదం. ఆ తరవాత మోకాలి కింది దాకా.

ఒక పాదం ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచిపోయి... నొప్పి మాత్రం పెద్దగా లేదంటే బెణికిందని నూనె రాసి తోమకండి. స్పర్శ పోయిన పాదంలో ఎముకలు లోలోపలే విరుగుతుండవచ్చు. కాలు కింద మోపకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన జబ్బది.

గుండె కూడా చెప్పదు!

స్పర్శ నరాలే కాదు, మన ప్రమేయం లేకుండా ఒంటిని నడిపించే నరాలూ ఉన్నాయి. గుండె వేగం, బీపీ, జీర్ణం, మూత్రం, చెమట... ఇవన్నీ వాటి చేతిలోవే. అవి దెబ్బతింటే మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతాయి. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోతుంది. మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవదు. మగవాళ్లలో దాంపత్య సమస్యలూ వస్తాయి. సిగ్గుపడి ఎవరికీ చెప్పరుగానీ ఇది డాక్టరుతో చెప్పాల్సిన సంగతే. అన్నిటికన్నా భయపెట్టేది గుండెపోటు. ఛాతీలో నొప్పే రాకపోవచ్చు. ఒట్టి ఆయాసం, చెమటలు, నీరసం, వికారం. ‘గ్యాసేమో’ అని సోడా తాగి పడుకుంటే తెల్లారేసరికి ఆలస్యమైపోవచ్చు.

మెదడుకు చక్కెరే ఆహారం

బరువులో ఒంటిలో రెండు శాతమే ఉండే మెదడు మొత్తం శక్తిలో ఐదోవంతు ఖర్చుచేస్తుంది. తన కోసం దాచుకోవడం దానికి చేతకాదు. నిమిషం నిమిషానికీ రక్తంలోంచి గ్లూకోజు అందాల్సిందే. కాబట్టి షుగరు పెరిగితే ఏళ్లమీద దెబ్బ, తగ్గితే నిమిషాలమీద దెబ్బ!

డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. 54 కన్నా దిగితే మాట తడబడుతుంది. మనిషి తిక్కతిక్కగా మాట్లాడతాడు. కోపం తెచ్చుకుంటాడు. తాగొచ్చాడేమో అనుకుంటారు. స్పృహ తప్పొచ్చు, ఫిట్స్ రావొచ్చు. ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకు, మాటిమాటికీ షుగరు పడిపోయేవాళ్లకు ఆ వణుకూ దడా కూడా కనిపించకపోవచ్చు. కావలివాడు ఇక్కడా లేడు. తిన్నగా స్పృహ తప్పడమే. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిప్రైడ్ లాంటివి వాడేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి మాత్ర మాత్రం మామూలుగా వేసేసుకుంటే జరిగేది ఇదే. శివరాత్రయినా, రంజానయినా నియమం ఒకటే... ఉపవాసానికి ముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్చుకోవాలి.

షుగరు పడిపోయిందనిపిస్తే, మనిషి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. పావుగంట తరవాత మళ్లీ పరీక్షించి, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చెయ్యాలి.

ఇక పక్షవాతం. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఎవరు దేనివల్ల చనిపోతున్నారో ఆరా తీసిన అధ్యయనమొకటి 2006లోనే వెలువడింది. మూడోవంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. వాటిలో పక్షవాతం వాటా పెద్దది. షుగరుంటే ఆ ముప్పు సుమారు రెట్టింపు. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం... ఏది కనిపించినా గడియారం చూసుకోవాలి. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి దాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. పసరుమందు, పావురం రక్తం అంటూ తిరిగితే ఆ గడువు దారిలోనే అయిపోతుంది. గ్లూకోమీటరుంటే వెంటనే చూడాలి. షుగరు బాగా పడిపోయినప్పుడు కూడా ఒక పక్క చచ్చుబడి అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చు. మరో మాట. చక్కెరతో మొదలైన తణుకు సంస్థే ఆస్పిరిన్ కూడా తయారుచేసింది. రెండోసారి పక్షవాతం రాకుండా ఆ మాత్రే కాపలా కాస్తుంది. అలాగని పోటు రాగానే ఇంట్లో ఉన్నదేదో వేసెయ్యకూడదు. కొందరికి మెదడులో రక్తం చిందడంవల్ల పక్షవాతం వస్తుంది. ఏదన్నది స్కానింగ్‌లోనే తేలుతుంది.

అమ్మ అడిగిందే అడుగుతోంది

ఈ ప్రాంతంలో పెద్ద పెద్ద ఇళ్లు, వాటిలో ఇద్దరే మనుషులు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఆదివారం ఫోను. ‘బాబూ, తిన్నావా?’ అని అడిగిన అమ్మ ఐదు నిమిషాలకు మళ్లీ ‘తిన్నావా?’ అంటుంది. వయసు మీద పడింది కదా అనుకుంటాడు కొడుకు. షుగరున్నవాళ్లలో మతిమరుపు జబ్బు ముప్పు దాదాపు రెట్టింపని 1999లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనం చెప్పింది. మెదడులోని సన్నని నాళాలు పూడిపోవడం ఒక దారి. మాటిమాటికీ షుగరు పడిపోవడం ఇంకొకటి. ఈ రెండోది విషవలయం. మరుపువల్ల పొద్దుటి మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండదు. మళ్లీ వేసుకుంటారు. షుగరు పడిపోతుంది. మెదడు ఇంకాస్త దెబ్బతింటుంది.

అందుకే డెబ్బై దాటిన పెద్దాయనకీ ముప్పైల్లో ఉన్న కొడుక్కీ ఒకే లెక్క పనికిరాదు. వయసులో ఉన్నవాళ్లు మూణ్నెల్ల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఏడు లోపు ఉండేలా చూసుకోమంటారు. ముసలితనంలో, మరుపూ ఇతర జబ్బులూ ఉన్నప్పుడు ఎనిమిది దాకా ఉన్నా ఫరవాలేదంటారు. ‘మా నాన్నకి ఇంకా ఏడులోకి రాలేదు, మాత్ర పెంచండి’ అని పట్టుబట్టే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. మంచం పక్కన ఏడురోజుల అరల మాత్రల డబ్బా పెడితే వేసుకున్నదీ లేనిదీ చూస్తే తెలుస్తుంది. ఫోన్లో సలహాలు చెప్పడం కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

పోయిన నరం తిరిగొస్తుందా?

చాలామటుకు రాదు. నిలబెట్టుకోవచ్చు. మొదటి రకం మధుమేహం ఉన్నవాళ్లలో షుగరును గట్టిగా అదుపులో పెడితే నరాల దెబ్బ 60 శాతం తగ్గిందని 1993లో అమెరికా, కెనడాల్లో జరిగిన డీసీసీటీ అధ్యయనం తేల్చింది. పెద్దవాళ్లలో వచ్చే రెండో రకంలో అంత లాభం కనబడదుగానీ ఉంది. అక్కడ బీపీ, కొవ్వు, బరువు, సిగరెట్టు కూడా చూసుకోవాలి. ప్రిగాబలిన్, డ్యులోక్సెటిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటివి మంటను తగ్గిస్తాయి, నరాన్ని మొలిపించవు. ‘నరాల బలం’ సూదిమందులు అందరికీ పనిచెయ్యవు. అయితే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 విటమిన్ తగ్గే అవకాశముంది. దానివల్లా తిమ్మిర్లొస్తాయి. ఆ పరీక్ష చేయించుకుని, తక్కువుంటే వేసుకోవడం తెలివైన పని. మందూ అలవాటూ రెండూ ఉన్నవాళ్లు మందు మానకుండా తిమ్మిర్లు తగ్గాలంటే కుదరదు.

రెండో రకం షుగరుందని తెలిసిన రోజే ఒకసారి, తరవాత ఏడాదికోసారి పాదాలు చూపించుకోవాలి. డాక్టరు సన్నని నైలాను తీగను అరికాలికి ఆనించి, శ్రుతిదండాన్ని బొటనవేలి ఎముకపై పెట్టి చూస్తాడు. నొప్పీ ఉండదు, పెద్ద ఖర్చూ కాదు. అడక్కపోతే మాత్రం రద్దీలో మర్చిపోవచ్చు. బల్ల ముందు కూర్చోగానే మీరే చెప్పులు విడిచెయ్యండి!

ఇంట్లో చేసుకునే పరీక్షా ఒకటుంది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు 2011లో ప్రచురించారు. ఏ పరికరమూ అక్కర్లేదు. తాతయ్యను మంచం మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమనాలి. మనవరాలు చూపుడువేలి కొసతో ఆయన బొటనవేలి చివర, నడిమివేలి చివర, చిటికెనవేలి చివర ఒక్కో క్షణం అలా తాకి తీసెయ్యాలి. నొక్కకూడదు, తట్టకూడదు, గోకకూడదు. రెండు కాళ్లకీ కలిపి ఆరు వేళ్లు. తాకినప్పుడల్లా ఆయన ‘కుడి’ అనో ‘ఎడమ’ అనో చెప్పాలి. పలకకపోతే అదే వేలిని రెండోసారి తాకి చూడకూడదు, తెలియలేదనే రాసుకోవాలి. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే, డాక్టరుకు చూపించాలి. పనిలో పనిగా వేళ్ల సందులూ మడమలూ చూసి, పగుళ్లూ పుండ్లూ ఉన్నాయేమో కూడా మనవరాలే చెప్పొచ్చు. పెద్దాయనకు వంగి చూసుకోవడం కష్టం, దానికైతే ఆట!